రెండు సైన్యాలను ఆపిన సైకిలు

మార్చి పద్నాలుగో తేదీ, గురువారం, సాయంత్రం అయిదుంబావు. ఈ లెక్కలో నిమిషం తేడా ఉండదు. ఎందుకంటే తాతయ్య యాభై ఏళ్ళపాటు ఊరందరి గడియారాలూ బాగుచేసిన మనిషి. ఆ ఇంట్లో ఇప్పటికీ తొమ్మిది గోడ గడియారాలున్నాయి, తొమ్మిదీ ఒకే మాట మీద నడుస్తాయి. తాతయ్య మాటే ఒకచోట నిలవదు.

ఆ వేళకి వరండాలో సభ తీరి ఉంది. రిటైరైన బడి మాస్టారు పేము కుర్చీలో, మందుల షాపాయన పై మెట్టు మీద, సైకిల్ మేస్త్రి ఓ మూల తాతయ్య సైకిలును తలకిందులుగా నిలబెట్టుకుని, చేతిలో నూనె డబ్బాతో. కోడలు టీలు తెచ్చి ఇచ్చి, లోపలికి పోకుండా గుమ్మానికి ఆనుకుని నిలబడింది. నానమ్మ గడప పక్కన ముక్కాలిపీట వేసుకుని తాతయ్య తెల్ల చొక్కాకి ఊడిన గుండీ కుడుతోంది. ఆ చొక్కా ఆదివారం కోసం. ఆ ఆదివారం తలపుకొస్తేనే నానమ్మకి సూది వేలిలో దిగుతోంది.

సంగతేమిటంటే, ఇంటి ముందు నుంచి పోయే దారి ఒకప్పటి రైలు దారి. ఏటి ఒడ్డు వెంబడే లోయ పొడుగునా ముప్పై కిలోమీటర్లు. యుద్ధంలో వెనక్కి మళ్ళిన సైన్యం నడిమి వంతెనను పేల్చేసి పోయింది. ఆ రోజుతో రైలు ఆగింది. తర్వాత ఇనుము కోసం పట్టాలు పీక్కుపోయారు, గడ్డి మొలిచింది. తొమ్మిదేళ్ళ కిందట ఆ దారినే చదును చేసి, రెండు చివర్లా అడ్డకమ్మీలు పాతి, 'మోటారు బళ్ళకు ప్రవేశం లేదు' అని బోర్డు పెట్టారు. అప్పటినుంచి నడిచేవాళ్ళూ, సైకిలు తొక్కేవాళ్ళూ తప్ప ఆ దారిలో ఇంకొకరు లేరు. హారను మోత లేదు, పొగ లేదు. ఏరు, పిట్టలు, అక్కడక్కడా ఫిరంగులు పెట్టిన పాత కాంక్రీటు గదులు. వాటిలో ఇప్పుడు గొర్రెలు పడుకుంటాయి.

విరిగిన నడిమి వంతెనను ఇన్నాళ్ళకి మళ్ళీ కట్టారు. ఆదివారం పొద్దున దాని మీద మొట్టమొదట ఎవరో ఒక పెద్దమనిషి సైకిలు మీద వెళ్ళాలి. లోయ సంఘం వాళ్ళు తాతయ్యకి ఉత్తరం రాశారు: 'ఈ లోయలో మీ అంతటి సైకిలు తొక్కేవారు లేరని నలుగురూ చెబుతున్నందున...' అని.

నలుగురూ ఎందుకు చెప్పరు? తొమ్మిదేళ్ళుగా తాతయ్య చెప్పగా చెప్పగా విన్న నలుగురు కదా!

కానీ నానమ్మకి తెలుసు. కాపురానికొచ్చిన ఈ నలభై ఆరేళ్ళలో తాతయ్య రెండు కాళ్ళూ ఒక్కసారిగా నేల వదలడం ఆవిడ చూసింది మంచం మీద మాత్రమే. ఆయనకి సైకిలు తొక్కడం రాదు. పొద్దున్నే దాన్ని చేత్తో పట్టుకుని గేటు దాటిస్తాడు, ఎక్కడిదాకానో నడిపించుకుపోతాడు, ఎనిమిదిన్నరకి చెమటతో తిరిగొస్తాడు. కొత్త చెప్పులు మూడు నెలలకే అరిగిపోతాయి. సైకిలెక్కి తిరిగేవాడికి చెప్పులెందుకు అరుగుతాయని ఆవిడ ఒక్కనాడూ అడగలేదు.

అడగకపోవడానికి కారణముంది. పెళ్ళయిన కొత్తలో చుట్టాల ముందు తాతయ్య మూరెడు చేపను బారెడు చేస్తుంటే, "అంత లేదులెండి" అంది. అంతే. ఆయన కోప్పడలేదు, అలగలేదు. పదకొండు రోజులు కథ చెప్పలేదు. ఇల్లంతా గడియారాల చప్పుడే. ఆ నిశ్శబ్దానికి హడలిపోయి, ఇంకెప్పుడూ ఆయన మాటను నేను కోయను అని దేవుడి ముందు అనేసుకుంది. ఇప్పుడా మాట పీకకి చుట్టుకుంది. తను చెప్పకూడదు. ఎవరూ చెప్పకపోతే ఆదివారం ఈయన జనమందరి ముందూ ఏట్లో పడతాడు.

"తండ్రీ, వీళ్ళలో ఒక్కరి నోటైనా పలికించు" అని మనసులో మొక్కుకుని దారం కొరికింది.

తాతయ్య గొంతు సవరించుకున్నాడు.

"పెద్ద విషయమేం కాదు మాస్టారూ. మొన్న వానలు వెలిసిన రోజుల్లో, పొద్దున్నే లోయ పైకొసకి వెళ్ళి, అక్కణ్ణుంచి మన గేటు దాకా నలభై నిమిషాల్లో వచ్చేశాను. అంతే. ఎవరైనా రావచ్చు."

"ముప్పై కిలోమీటర్లా? నలభై నిమిషాల్లోనా?" అన్నారు మాస్టారు. "ఆ రోజుల్లో రైలుకే గంటంబావు పట్టేదండీ."

"రైలు స్టేషన్లలో ఆగాలి. నాకేం పని?" అన్నాడు తాతయ్య. "పైగా నేను తొక్కలేదు. ఒక్కసారి పెడలు మీద కాలు ఆనించాను, మిగతాదంతా పల్లమే చూసుకుంది. ఎదురొచ్చే బస్సు లేదు, లారీ లేదు, అడ్డం పడే మేక లేదు. అలాంటి దారి దొరికితే సైకిలు మన మాట వింటుందా చెప్పండి? అది దాని సొంతం. మొదటి సొరంగం దగ్గరికి వచ్చేసరికి నా నీడ వెనకబడిపోయింది. ఎండ చూస్తే కాస్తూనే ఉంది, నీడ మాత్రం లేదు. అది సాయంత్రం నాలుగింటికి ఇంటికి చేరింది, పాపం, రొప్పుకుంటూ."

"నేను చూశాను మామయ్యా, మంచినీళ్ళు కూడా ఇచ్చాను" అంది కోడలు.

"చూశారా, సాక్ష్యం!" అని తాతయ్య తొడ చరిచాడు. "సొరంగంలో చీకటి కదా అని గంట కొట్టాను. కొట్టి బయటికొచ్చేశాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మూడో మైలురాయి దగ్గర నా వెనక నుంచి గంట మోగింది. ఎవడో తొందరలో ఉన్నాడు, పోనీ అని మర్యాదగా పక్కకు తప్పుకున్నాను. ఎవరూ లేరు! చూస్తే నా గంటే. సొరంగంలో కొట్టింది అప్పటికి నన్ను అందుకుంది."

మందుల షాపాయన టీ గొంతుకడ్డం పడి దగ్గాడు. "మరి వంతెన? మొన్న వానలప్పటికి నడిమి వంతెన విరిగే ఉందిగా?"

"అడగాల్సింది అడిగారు. అరవై అడుగుల ఖాళీ. కింద ఏరు పొంగుతోంది. బ్రేకు వేశాను. సైకిలు ఆగింది, నేను ఆగలేదు."

"హమ్మా!" అంది కోడలు.

"నేను ఆగకపోతే నా చేతుల్లో ఉన్న సైకిలు మాత్రం ఏం చేస్తుంది? అదీ వెంట వచ్చింది. ఇద్దరం గాల్లో ఉన్నాం. ఊరికే కూర్చుంటే పొద్దుపోదు కదా, జేబు గడియారం తీసి చూస్తే రెండు నిమిషాలు ఆలస్యం. ఛీ, గడియారాల మనిషి జేబులో ఇదా అని, వెనక మూత విప్పి, స్ప్రింగు సర్ది, మూత బిగించి, మీట తిప్పి, చెవి దగ్గర పెట్టుకుని..."

"ఇదంతా గాల్లోనే?"

"మరెక్కడ మాస్టారూ? దిగాక చేస్తే ఆలస్యమైపోదూ! జేబులో వేసుకున్నానో లేదో, అవతలి ఒడ్డు ఇసకలో దిగాను. దిగింది దేని మీదనుకున్నారు? యుద్ధంనాటి బాంబు! పేలకుండా అరవై ఆరేళ్ళు ఇసకలో పడుకుంది, నా బరువుకి నిద్ర లేచింది. టిక్కు టిక్కు టిక్కు. ఇంకొకడైతే పరిగెత్తేవాడు. నేను చెవి ఒగ్గి విన్నాను. 'ఓసినీ, రోజుకి ఏడు సెకన్లు వెనకబడుతున్నావే' అన్నాను. సరిచేసి ఇంటికి తెచ్చాను."

"వంటింటి గడియారం గంటలు కొట్టనిది అందుకేనా మామయ్యా?" అంది కోడలు.

"కొట్టనివ్వకమ్మా. కొట్టిందంటే ఇల్లుండదు."

అందరూ పగలబడి నవ్వారు. నానమ్మ మాత్రం నవ్వలేదు. అరచేతిలో వైకుంఠం చూపించేవాడికి అరచెయ్యి ఉంటే చాలు, కానీ వంతెన మీద చక్రాలు తిరగాలి. ఆవిడ కళ్ళు మాస్టారి మీదకి వెళ్ళాయి. బడిలో నలభై ఏళ్ళు తప్పులు దిద్దిన మనిషి, ఈ ఒక్క తప్పు దిద్దకపోతారా అని.

మాస్టారు నిజంగానే వేలెత్తారు. "అంతా బాగుంది. కానీ యుద్ధాన్ని సైకిలు మీంచి కళ్ళారా చూశానని మీరు పోయిన వారం అన్నారు. యుద్ధమప్పుడు మీకెన్నేళ్ళు?"

"అయిదు."

"అయిదేళ్ళకే సైకిలు తొక్కారా?"

"మూడు చక్రాలది" అన్నాడు తాతయ్య తడుముకోకుండా. "కానీ నేను చెప్పేది ఆ సంగతి కాదు. అయిదేళ్ళప్పుడు కాదు, మొన్న వెళ్ళాను యుద్ధానికి."

మూలన మేస్త్రి తిప్పుతున్న చక్రం ఆగింది.

"మొన్ననా?" అన్నాడు మందుల షాపాయన.

"మొన్ననే. ఇసకలోంచి లేచి మళ్ళీ ఎక్కాను కదా. ఈసారి వేగం ఎంతంటే, జేబులో ముల్లు వెనక్కి తిరగడం మొదలుపెట్టింది. గంటలు పోయాయి, రోజులు పోయాయి, మైలురాళ్ళ మీద సున్నం కొత్తదవుతోంది, చెట్లు మొక్కలవుతున్నాయి. పట్టాలు వాటంతటవే వచ్చి చక్రాల కింద పరుచుకుంటున్నాయి. ఆ తర్వాత ఏమైందో తెలుసా? సరిగ్గా వంతెన పేల్చే రోజు దగ్గర ఆగాను. ఈ ఒడ్డున ఒక సైన్యం, ఆ ఒడ్డున ఇంకో సైన్యం, మధ్యలో నేను. ఒక యుద్ధ ట్యాంకు గుర్రుమంటూ నా మీదకి వస్తోంది. పారిపోదామంటే దారి లేదు. వెనక క్యారియర్ మీద చూస్తే మన బోర్డు!"

"ఏ బోర్డు?"

"'మోటారు బళ్ళకు ప్రవేశం లేదు'. వచ్చేటప్పుడు తగిలి ఊడొచ్చినట్టుంది. తీసి ఎత్తి పట్టుకున్నాను. ట్యాంకు ఆగింది. మూత తెరుచుకుని సేనాపతి తల బయటపెట్టాడు. చదివాడు. కళ్ళజోడు పెట్టుకుని మళ్ళీ చదివాడు. 'ఎప్పటినుంచి ఈ రూలు?' అన్నాడు. 'ఇంకో యాభై ఏడేళ్ళకి వస్తుంది, ఇప్పట్నుంచే అలవాటు చేసుకోండి' అన్నాను. రూలంటే రూలే కదా! ట్యాంకు దిగాడు. వెనక లారీల్లో వాళ్ళు దిగారు. అవతలి సైన్యం కూడా బోర్డు చదివి దిగింది. రెండు సైన్యాలూ కాలినడకన ఎదురెదురుగా వచ్చేసరికి అలిసిపోయి ఏటి ఒడ్డున కూర్చున్నాయి. సేనాపతి నా దగ్గరికొచ్చి, 'అయ్యా, ఇప్పుడు యుద్ధం ఎలా చెయ్యాలి?' అని అడిగాడు. 'సైకిళ్ళ మీద చేసుకోండి' అన్నాను."

అక్కడ తాతయ్య ఆగాడు. ఎప్పుడూ ఆగని మనిషి. టీ గ్లాసు ఎత్తాడు, తాగలేదు.

"అప్పుడు చూశాను" అన్నాడు. గొంతు కొంచెం దిగింది. "వాళ్ళ దగ్గర సైకిళ్ళు చాలా ఉన్నాయి. మన ఇళ్ళల్లోంచి పట్టుకుపోయినవి. వరసగా పేర్చారు. మా నాన్నది కూడా ఉంది. ముందు కమ్మీ మీద చిన్న సీటు ఉండేది, నా కోసం బిగించాడు. దాని మీద ఒక్క ఆదివారమే కూర్చున్నాను. సోమవారం వచ్చి పట్టుకెళ్ళారు."

ఎవరూ నవ్వలేదు. మాస్టారు తన చెప్పుల కేసి చూసుకున్నారు.

ఈ ముక్క నానమ్మ ఎప్పుడూ వినలేదు. నలభై ఆరేళ్ళలో వినలేదు. సూది చొక్కాలోనే ఉండిపోయింది.

అంతలోనే తాతయ్య తేరుకుని చెయ్యి విసిరాడు. "ఊరుకుంటానా? మర్యాదగా అన్నీ తిరిగిచ్చెయ్యండన్నాను. ఇచ్చేశారు. నాలుగు వందల సైకిళ్ళు! అన్నీ ఒకదాని వెనక ఒకటి తాడేసి కట్టి, మొదటిదాని మీద నేనెక్కి, నాలుగు వందలూ ఒక్కణ్ణే తొక్కుకుంటూ లోయంతా తిరిగి ఎవరి గుమ్మంలో వాళ్ళది దింపి వచ్చాను. అలాంటివాడికి ఆదివారం ఈ చిన్న వంతెన ఒక లెక్కా? చేతులు వదిలేసి తొక్కుతాను చూడండి! కళ్ళు కూడా మూసుకుంటాను!"

నానమ్మ కళ్ళు మూసుకుంది.

అప్పుడు మూల నుంచి సైకిల్ మేస్త్రి, నూనె గుడ్డతో చేతులు తుడుచుకుంటూ, మెత్తగా అన్నాడు:

"బాబాయిగారూ, ఈ సైకిలుకి టైర్లు ఎన్నిసార్లు మార్చాను?"

"మూడుసార్లు" అన్నాడు తాతయ్య గొప్పగా. "తిరిగే బండి మరి!"

"మూడుసార్లే. కానీ చైను ఇప్పటిదాకా మార్చలేదు. ఇవాళ నూనె వేద్దామని చూస్తే దానికి కంపెనీవాడు పూసిన గ్రీజు పూసినట్టే ఉంది. పళ్ళ చక్రం మీద ఒక్క పన్ను అరగలేదు. తొమ్మిదేళ్ళ బండి."

"పల్లం మహిమ! చెప్పాను కదా, తొక్కక్కర్లేదని."

"వచ్చేటప్పుడు పల్లం. వెళ్ళేటప్పుడు?"

"వెళ్ళేటప్పుడు... గాలి తోస్తుంది."

"గాలి తోసినా సీటు మీద కూర్చోవాలి కదా బాబాయ్. సీటు కింద స్ప్రింగులు ఒక్కనాడూ నొక్కుకున్న జాడ లేదు" అన్నాడు మేస్త్రి. ఆ గొంతులో వెటకారం లేదు. "చేత్తో పట్టుకుని నడిపించుకుపోతే చక్రం తిరుగుతుంది, టైరు అరుగుతుంది. చైను కదలదు. టైరు అరిగి చైను అరగని సైకిలు ఎవరూ ఎక్కని సైకిలు."

తాతయ్య ఏం చెప్పినా చైను అడ్డమొస్తోంది.

మాస్టారు ముందు ముసిముసిగా, తర్వాత పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టారు. "అయితే రాదన్నమాట! నాలుగు వందల సైకిళ్ళవాడికి ఒక్క సైకిలు రాదన్నమాట!"

మేస్త్రి ఆయన వైపు తిరిగాడు. "మాస్టారూ, పోయిన నెల మీ సైకిలు నా షాపుకే వచ్చింది."

నవ్వు ఠక్కున ఆగింది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు మందుల షాపాయన లేచి, "షాపులో ఎవరూ లేరు, వెళ్ళొస్తాను" అన్నాడు.

"కూర్చోండి బాబాయ్, మీ చైను కూడా కొత్తదే" అన్నాడు మేస్త్రి.

కూర్చున్నాడు.

అప్పుడు బయటపడింది. తాతయ్య ఏడింటికి, మాస్టారు తొమ్మిదింటికి, మందుల షాపాయన మధ్యాహ్నం షాపు మూసే వేళకి. ముగ్గురూ సైకిళ్ళు నడిపించుకుంటూ మొదటి సొరంగం దాకా వెళ్ళి, లోపల రాతి అరుగు మీద కాసేపు కూర్చుని, తిరిగి నడిపించుకొచ్చేవాళ్ళు. వేళలు వేరు కనక తొమ్మిదేళ్ళలో ఒకరికొకరు ఎదురుపడలేదు.

"అరుగు మీద అప్పుడప్పుడు పిప్పరమెంటు కాగితాలుండేవి..." అన్నాడు తాతయ్య నీరసంగా.

"నావే" అన్నాడు మందుల షాపాయన.

"మరి అందరివీ ఎరిగుండి ఎందుకు చెప్పలేదు నాయనా ఇన్నాళ్ళూ?" అని నానమ్మ అడిగింది. ఆవిడ ఆ సాయంత్రం నోరు విప్పడం అదే మొదలు.

మేస్త్రి నూనె గుడ్డను మడతపెట్టాడు, మళ్ళీ విప్పాడు. "ఏమని చెప్పను పిన్నీ? మా నాన్నా అంతే. సైన్యాలు సైకిళ్ళు పట్టుకెళ్ళినప్పుడు ఈ లోయలో పిల్లలుగా ఉన్నవాళ్ళెవరికీ రాదు. మళ్ళీ సైకిళ్ళు వచ్చేసరికి వీళ్ళకి మీసాలొచ్చాయి. చిన్నపిల్లల ముందు పడుతూ లేస్తూ ఎవరు నేర్చుకుంటారు? మా నాన్న సైకిల్ షాపు పెట్టాడు, ఊరందరి బళ్ళూ బాగుచేశాడు, పోయేదాకా ఒక్కటీ ఎక్కలేదు. షాపు నుంచి ఇంటికి నడిపించుకొచ్చేవాడు. నేనూ అడగలేదు. ఇవాళైనా చెప్పేవాణ్ణి కాదు. వంతెనకి ఒకవైపు కమ్మీ ఇంకా వెయ్యలేదు, పొద్దున చూసొచ్చాను. బాబాయ్ కళ్ళు మూసుకుంటానన్నాక ఇంక ఆగలేకపోయాను."

లోపల తొమ్మిది గడియారాలూ వినిపించాయి. నానమ్మ మళ్ళీ పదకొండు రోజులా అనుకుంది.

"ఉత్తరం రాసి పంపించెయ్యనా?" అన్నాడాయన చివరికి, నానమ్మ కేసి చూస్తూ. "ఒంట్లో బాగాలేదని. ఇంకెవరినైనా చూసుకోమని."

నానమ్మ చొక్కా మడిచి ఒళ్ళో పెట్టుకుంది. "ఆదివారానికి ఇంకా రెండు పొద్దులున్నాయండీ" అంది. "నాకు వచ్చు."

"ఏమిటి వచ్చు?"

"సైకిలు. కొండకి అవతల మా ఊళ్ళోకి సైన్యాలు రాలేదుగా. పదేళ్ళకే నేర్చుకున్నాను. ఇక్కడికొచ్చాక మీరు ఎక్కరని నేనూ ఎక్కలేదు."

కోడలు చేతిలో టీ పళ్ళెం గలగలమంది. తాతయ్య నానమ్మని ఎగాదిగా చూశాడు, ఎవరో కొత్త మనిషిని చూసినట్టు. "నలభై ఆరేళ్ళా! నన్ను మించిన దానివే!" అన్నాడు.

మర్నాడు శుక్రవారం. ఇంకా ఎండ రాకముందే ఇల్లంతా గేటు బయట ఉంది. కొడుకు ఆఫీసుకి ఆలస్యంగా వస్తానని కబురు పంపాడు. కోడలు పాత దుప్పట్లు తెచ్చి దారికి ఇరుపక్కలా కంచె మీద పరిచింది. మేస్త్రి సీటు కిందకి దించి, గట్టిగా బిగించాడు. మాస్టారూ మందుల షాపాయనా తమ సైకిళ్ళు పట్టుకుని వచ్చి, ఎవరి ముఖమూ చూడకుండా వరసలో నిలబడ్డారు.

ముందు నానమ్మ దేవుణ్ణి తలుచుకుని, చీర కుచ్చిళ్ళు ఎగదోపి, ఎక్కింది. పది గజాలు వంకరటింకరగా పోయింది, తర్వాత తిన్నగా పోయింది. మలుపు దాకా వెళ్ళి తిరిగొచ్చింది. పళ్ళ చక్రం మీద చైను మొదటిసారి కరకరలాడింది. దిగి, "ముందుకు చూడండి, చక్రం కేసి కాదు" అని సైకిలు తాతయ్య చేతికిచ్చింది.

కొడుకు వెనక సీటు పట్టుకున్నాడు, మేస్త్రి పక్కన పరిగెత్తాడు. మొదటిసారి దుప్పటి మీద పడ్డాడు. రెండోసారి దుప్పటి లేనిచోట పడ్డాడు. మూడోసారి కొడుకుని కూడా పడేశాడు. మోచెయ్యి గీసుకుంటే మందుల షాపాయన జేబులోంచి దూది తీశాడు. ఎనిమిదోసారో తొమ్మిదోసారో, కొడుకు చెయ్యి వదిలేశాడు, తాతయ్యకి చెప్పలేదు. ఏటి గాలికి లాల్చీ ఉబ్బింది. రెండు కాళ్ళూ నేలకి పైన, గుండ్రంగా తిరుగుతూ. నోట మాట లేదు. తర్వాత హేండిల్ ఒక పక్కకి ఒరిగింది, ఆయన కాలు కింద పెట్టి నిలబడిపోయాడు. పడలేదు.

మాస్టారు పరుగున వెళ్ళి, చక్రం జాడ వెంట అడుగులు వేసుకుంటూ కొలిచారు. "పదిహేను గజాలు! పదిహేను గజాలండీ!" అని అరిచారు.

"కాదు మాస్టారూ" అన్నాడు తాతయ్య, రొప్పుతూ, హేండిల్ వదలకుండా. "అబ్బాయి నాకు చెప్పకుండా వదిలింది ఆ రాయి దగ్గర. అక్కణ్ణుంచి లెక్కపెట్టండి. ఏడే."